ఆనీ అడిగిన ఆదివారం

సాయంత్రం చెత్త బండి పాట మలుపులో వినబడగానే ఆ సందులో తలుపులన్నీ తెరుచుకునేవి. ఎవరి సంచి వాళ్ళు, ఎవరి తొక్కల బకెట్టు వాళ్ళు పట్టుకుని రోడ్డు మీదకి వచ్చేవాళ్ళు. చక్రాల కుర్చీల్లో ముసలివాళ్ళు, ఆ కుర్చీల వెనక ఇండోనేషియా నుంచీ వియత్నాం నుంచీ వచ్చిన పనిపిల్లలు. బండి వచ్చి నిలబడేదాకా దొరికే ఆ కాస్త వ్యవధే, కావ్‌షియుంగ్ చేపల రేవు వెనకాలున్న ఆ సందుకి పేపరూ, కచేరీ అన్నీను.

ఆ రోజు కబురు మోసుకొచ్చింది గ్వేజీ. ఆమె భర్త ఆ పేటకి పెద్ద. అందుకని పేటలో ఏది జరగబోయినా ముందు ఆమె చెవిన పడేది, వెంటనే అందరి చెవులా పడేది.

"విన్నారా? వచ్చే ఆదివారం బజారు రోడ్డు మూసేస్తారంట."

"ఏ దేవుడి ఊరేగింపో?" అన్నాడు నూడుల్స్ కొట్టాయన.

"దేవుడైతే దణ్ణం పెట్టి ఊరుకుందుం. ఈ పనిపిల్లలది. జెండాలు పట్టుకుని అరుచుకుంటూ పోతారంట. వారానికో రోజు సెలవు కావాలంట!"

"సెలవా? ముసలాళ్ళకి ఆదివారం ఒంటికీ రెంటికీ రాదా ఏంటి?"

అందరూ నవ్వారు. గ్వేజీ మామగారిని చూసుకునే వియత్నాం పిల్ల హోంగ్ అక్కడే నిలబడి సంచి మూతి ముడేస్తోంది. గ్వేజీ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, "మా హోంగ్ మాత్రం బంగారం. ఇలాంటి గొడవల్లో దీని నీడ కూడా కనపడదు. ఇదంతా ఫ్యాక్టరీల్లో వాళ్ళూ, ఇళ్ళలోంచి పారిపోయిన వాళ్ళూ చేసే గోల," అంది. హోంగ్ నవ్వింది. ఆ పిల్ల ఎవరేమన్నా నవ్వేది.

"మా ఆనీ కూడా అంతే," అంది బీషియా. "దానికి మా ఇల్లు తప్ప వేరే లోకం తెలీదు."

ఆ మాట అన్నప్పుడు ఆనీ ముసలావిడ కుర్చీ దగ్గర వంగి, ఆమె మెడ చుట్టూ రుమాలు సర్దుతోంది. తల ఎత్తలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆనీ సెలవడిగింది.

బీషియా అత్తగారి గంజిలోకి పాలబొంత చేప ముళ్ళు తీస్తోంది. ఆ చేపకి ఒళ్ళంతా ముళ్ళే. ఒక్కటి మిగిలినా ముసలావిడ గొంతులో పడుతుందని వేలితో తడిమి తడిమి తీసేది. ఆనీ ఎదురుగా నిలబడి అల్లం తరుగుతూ, తల వంచుకునే అంది.

"అక్కా, వచ్చే ఆదివారం నాకు సెలవు కావాలి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా."

"రంజాన్ పండక్కి వెళ్ళావుగా?"

"అది పండగ. ఇది వేరే."

బీషియా చెయ్యి ఆగింది. "వేరే అంటే? ఆ ఊరేగింపుకా?"

ఆనీ దాచలేదు. "అవును."

"నా మీద అరవడానికి వెళ్తావా?"

"మీ మీద కాదక్కా. ఆదివారం కోసం."

"ఆదివారం ఏమైనా అల్మరాలో పెట్టి తాళం వేశారా? సెలవు ఇవ్వనిది మనిషే కదా. ఈ ఇంట్లో ఆ మనిషిని నేనే కదా!"

ఆనీ అల్లం ముక్కలు గిన్నెలో వేసి, కత్తి కడిగి పెట్టింది. ఆ మౌనానికి బీషియాకి ఒళ్ళు మండిపోయింది. అరిచినా బావుండేది. అరిస్తే తిరిగి అరవొచ్చు.

ఆనీ ఆ ఇంటికి వచ్చి ఏడేళ్ళు. అసలు పేరు ముర్నియాతి. జావాలో ఏదో పల్లె. ఏజెంటు నోరు తిరగక ఆనీ అన్నాడు, సందంతా ఆనీ అంది. అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న ఏడు వచ్చింది. వచ్చిన కొత్తలో 'మేడమ్' అంటుంటే, "మేడమ్ ఎవరే ఇక్కడ? అక్కా అని పిలువు," అని బీషియాయే నేర్పింది. పంది మాంసం వండే మూకుడులో వండితే ఆనీ తినదని తెలిసి ఆమె కోసం వేరే మూకుడు కొంది. ఆ మూకుడు సంగతి చెత్త బండి దగ్గర చాలాసార్లే చెప్పుకుంది. సందులో ఎవరూ పనిపిల్లకి వేరే మూకుడు కొనలేదు.

బీషియా కూడా ఒకప్పుడు ఆ ఊరికి పరాయిదే. పెంగ్‌హు దీవుల పిల్ల. నాన్న స్క్విడ్ చేపలు ఎండబెట్టి అమ్మేవాడు. ఆరో తరగతితో బడి మానేసి, పదిహేనో ఏట పడవెక్కి వచ్చి, రేవు పక్కనున్న ఎగుమతి సరుకుల ఫ్యాక్టరీలో రేడియోలకి తీగలు అతికే పనిలో చేరింది. ఒక గదిలో పన్నెండు మంది పిల్లలు. ఊళ్ళో వాళ్ళు బస్సులో పక్కన కూర్చుని ముక్కు మూసుకునేవాళ్ళు, దీవుల వాళ్ళ దగ్గర ఎండుచేపల కంపు అని. తర్వాత ఓడల్లో చల్లగదులు బాగుచేసే జిన్‌ఫాని పెళ్ళాడి ఆ సందుకొచ్చింది. పిల్లలు కలగలేదు. దాని గురించి అత్తగారు చాలా ఏళ్ళు సాధించింది, తర్వాత మర్చిపోయింది, తర్వాత అన్నీ మర్చిపోయింది. అంతలో కిందటి శరదృతువులో జిన్‌ఫా పోయాడు. పొద్దున్నే చెప్పులేసుకుంటూ గుమ్మంలో కూలబడ్డాడు, అంతే.

ఆయన పోయాక ఆ ఇంట్లో బీషియాతో మాట్లాడే మనిషి ఆనీ ఒక్కతే. అత్తగారు కూడా మాట్లాడేది గానీ, పోయినవాళ్ళతో. రోజూ దీపాలు పెట్టే వేళకి, "జిన్‌ఫా వచ్చాడా?" అని అడిగేది. ఆ ప్రశ్న వింటే బీషియా వంటింట్లోకి పారిపోయేది. ముసలావిడని అక్కడివాళ్ళలాగే 'ఆమా', అంటే అవ్వా, అని పిలిచే ఆనీయే చెప్పేది, "రేవులో పనుందంట ఆమా, ఆలస్యమవుతుందన్నాడు," అని. ముసలావిడ సరేనని పడుకునేది.

అందుకే వదినకి ఫోన్ చెయ్యడానికి బీషియా రెండు రోజులు వెనకాడింది. జిన్‌ఫా అక్క స్యూలియన్ ఫెంగ్షాన్‌లో ఉంటుంది, స్కూటర్ మీద అరగంట దారి. తమ్ముడు పోయాక ఆనీ పని ఒప్పందం ఆవిడ పేరు మీదకి మారింది, ముసలావిడకి కూతురు కాబట్టి. ఉంచాలన్నా పంపించాలన్నా ఇప్పుడు ఆవిడ చేతిలో పని.

"వదినా, ఆదివారం ఒక్కపూట వచ్చి అత్తయ్య దగ్గర కూర్చుంటారా?"

"ఏం, ఆనీకి జ్వరమా?"

"సెలవడిగింది."

"ఎందుకు?"

బీషియా అబద్ధం ఆడబోయింది, నోట్లోంచి రాలేదు. నిజం చెప్పేసింది. స్యూలియన్ ఒక్కసారిగా విరుచుకుపడింది.

"చూశావా! అక్కా అని పిలిపించుకున్నావు, నెత్తికెక్కించుకున్నావు. ఇప్పుడు దిగమంటే దిగుతుందా? దానికి చెప్పు, ఆదివారం గడప దాటితే సోమవారం ఏజెంటుకి ఫోన్ చేస్తాను. ఇంకో పిల్లని పంపిస్తాడు."

"ఇంకో పిల్లకి అత్తయ్యని ఎలా లేపాలో..."

"నేర్చుకుంటుంది. ఇదేమైనా పుట్టుకతో నేర్చుకొచ్చిందా?"

ఫోన్ పెట్టేశాక బీషియా చాలాసేపు అక్కడే కూర్చుంది. వదిన మీద కోపం, వదినకి ఫోన్ చేసే పని తెచ్చిపెట్టిన ఆనీ మీద కోపం, నిజం చెప్పిన తన నోటి మీద కోపం. ఏ ఒక్కదాన్నీ ఎక్కడా దించుకోవడానికి లేదు.

శనివారం మధ్యాహ్నం అత్తగారు నిద్రపోతుంటే, బట్టలు మడతపెడుతున్న ఆనీ దగ్గర కూర్చుంది.

"వెళ్ళకే. వదిన నిన్ను పంపించేస్తానంటోంది."

"పంపిస్తే పంపించనీయండి."

"అంత తెగింపు దేనికే? ఈ ఇంట్లో నీకేం తక్కువ చేశాను?"

"ఏమీ తక్కువ చెయ్యలేదక్కా."

"మరి?"

ఆనీ తువ్వాలు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. "మా అమ్మ పోయినప్పుడు..." అని ఆగింది.

బీషియాకి ముఖం మీద కొట్టినట్టయింది. ఆనీ తల్లి పోయింది మొన్న వసంతంలోనే. అప్పుడు అత్తగారు ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రిలో ఉంది. ఆనీ ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, ఫోన్‌లో తల్లిని మట్టిలో పెట్టడం చూసింది.

"అప్పుడు నేనేం చెయ్యలేదా?" అంది బీషియా, గొంతు పెరిగిపోతుంటే అత్తగారి మంచం వైపు చూసి తగ్గించుకుంటూ. "ఆస్పత్రి నుంచి కాళ్ళీడ్చుకుంటూ వచ్చి కూడా, మీ అమ్మకి అందాలని, పితృదేవతలకి కాల్చే కాయితం ఒక సంచెడు కొన్నాను. దాన్ని నా చేత్తో తామరపూలుగా మడిచాను. సందు చివర ఇనప డబ్బాలో దగ్గరుండి కాల్చాను. నన్ను కన్న తల్లికి కూడా అన్ని పూలు మడవలేదు నేను!"

"తెలుసక్కా."

"తెలిస్తే మరి?"

"మా అమ్మకి అవి అందవు."

బీషియా మడతపెట్టిన తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మావాళ్ళు కాయితాలు కాల్చరు," అంది ఆనీ, ఎవరికో దారి చెప్తున్నట్టు నెమ్మదిగా. "కూర్చుని ప్రార్థనలు చదువుతారు. ఏడో రోజున ఇరుగుపొరుగుని పిలిచి అన్నం పెడతారు. నేను ఆ ఏడో రోజుకి ఒక్కరోజు అడిగాను. ఊరెళ్తానని కాదు. ఇక్కడే, స్టేషన్ వెనక మావాళ్ళు చదువుకునే గదికి వెళ్ళొస్తానని. మీరు కాయితం తెచ్చారు."

"మీకూ ఏడో రోజుంటుందా?"

"ఉంటుంది. నలభయ్యో రోజు కూడా."

జిన్‌ఫాకి ఏడేసి రోజులకోసారి చేసిన కర్మలన్నిటికీ ఆనీ పక్కనే ఉంది. తామరపూలు మడవడం బీషియా కంటే త్వరగా నేర్చుకుంది. "మా ఇంటి మనిషే," అని పూజారికి కూడా చెప్పింది బీషియా.

"ఆ సంగతి నాకు చెప్పలేదే!"

"చెప్పాను. ఆమాకి జ్వరం పెరిగింది, ఇప్పుడెలా కుదురుతుంది అన్నారు."

"అనుంటాను. సరే. ఆ నిప్పు దగ్గర నా పక్కనే నిలబడ్డావు కదా. ఇది మాకు లేదు అని ఒక్క మాట అనొచ్చుగా!"

"మీరు ఏడుస్తున్నారు," అంది ఆనీ. "జిన్‌ఫా అన్న కోసం అనుకున్నాను. కాల్చనీ అనుకున్నాను."

బీషియా లేచి వంటింట్లోకి వెళ్ళింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. ఏడేళ్ళు ఒకే చూరు కింద. దానికి ఏ కూర ఇష్టమో తెలుసు, ఏ పక్కకి తిరిగి పడుకుంటుందో తెలుసు. ఇది తెలీదు. తెలీకపోవడం తన తప్పా? చెప్పినా వినకపోవడం తప్పే. కానీ దానికి ఇంత పెద్ద శిక్షా, రోడ్డు మీద జెండాలా? అలా అనుకోగానే, జెండాలు తన కోసం కాదని మొన్ననే ఆనీ చెప్పిన సంగతి గుర్తొచ్చి ఇంకా ఉడుకెక్కింది.

"సరే, పో," అని వంటింట్లోంచే అరిచింది. "నేను కాదంటే మాత్రం ఆగుతావా!"

ఆదివారం తెల్లవారేసరికి ఆనీ గంజి కాచింది, ముసలావిడకి ఒళ్ళు తుడిచి బట్టలు మార్చింది, మందులు మూడు పూటలకీ విడివిడిగా పెట్టింది. పసుపుపచ్చ తలగుడ్డ కట్టుకుని చెప్పులేసుకుంటూ, "లేపేటప్పుడు మీ నడుం వంచకండి, మోకాళ్ళు వంచండి," అంది. బీషియా అటు తిరిగి గంజి గిన్నె మూత తీసింది.

మోకాళ్ళే వంచింది. అయినా నడుం పట్టేసింది. మంచం మీంచి కుర్చీలోకి మార్చేసరికి ఇద్దరికీ ఆయాసం. చెంచా నోటి దగ్గర పెడితే ముసలావిడ పెదాలు బిగించేసింది.

"ఆనీ ఏది?"

"సెలవు, అత్తయ్యా."

"సెలవంటే?"

"బయటికెళ్ళింది. తినండి."

"ఆనీ వచ్చాక తింటా."

గంజి చల్లారింది. వేడి చేసింది. మళ్ళీ చల్లారింది. ముసలావిడ మబ్బు పట్టిన కిటికీ చూసి సాయంత్రం అయిందనుకుంది కాబోలు, "జిన్‌ఫా వచ్చాడా?" అని అడిగింది.

పారిపోవడానికి ఆ రోజు వెనకాల ఎవరూ లేరు. రేవులో పనుందని చెప్పాలని బీషియాకి తెలుసు. ఆ మాట ఆనీ నోట్లో ఎంత తేలిగ్గా ఉండేదో! చేతిలో చెంచా, నడుంలో నొప్పి, నిన్నటి నుంచీ లోపల కుతకుతలాడుతున్నదీ అంతా కలిసి ఆమె చేత, "ఆయన పోయాడత్తయ్యా! ఇంక రాడు!" అనిపించాయి.

ముసలావిడ అప్పుడే విన్నట్టు ఏడ్చింది. ఆమెకి నిజంగానే అప్పుడే విన్నట్టు. బీషియా ఎంత బుజ్జగించినా ఆపలేదు. చివరికి కాళ్ళ మీద దుప్పటి కప్పి, కుర్చీ తోసుకుంటూ బయటికొచ్చింది. మనుషుల్ని చూస్తే ఏడుపు మర్చిపోతుందని ఆశ.

మనుషులకేం తక్కువ లేదు. సందంతా బజారు రోడ్డు మొదట్లో చేరి ఉంది. పోలీసులు తాడు కట్టారు. దూరం నుంచి డప్పులు, మైకులో ఒక ఆడగొంతు.

"చేపల బండి రెండు గంటల్నుంచి అవతలే ఆగిపోయింది," అంది గ్వేజీ. "మంచు కరిగిపోతోంది. ఎవడిస్తాడు నష్టం? మన రోడ్డు, మన బజారు, మధ్యలో వీళ్ళేంటి?"

ఊరేగింపు దగ్గరికొచ్చింది. అన్ని రంగుల తలగుడ్డలూ, టోపీలూ, గొడుగులూ. మైకులో ఆడగొంతు, "మేం బానిసలం కాదు!" అంది. వెనక వందల గొంతులు ఆ మాటే అన్నాయి.

ఆ మాట బీషియాకి సూటిగా వచ్చి తగిలింది. బానిసా? మూకుడు కొనిచ్చిన మనిషి ఇంట్లో ఉన్నది బానిసా?

"విన్నావా బీషియా, ఏమంటున్నారో!" గ్వేజీ ముఖం ఎర్రబడింది. "మనం కొరడాలు పట్టుకుని కూర్చున్నాం మరి! విమానం ఎక్కించి పంపించెయ్యాలి ఒక్కొక్కళ్ళనీ..." అంటూనే ఆగి, కళ్ళు చికిలించి చూసింది. "ఏయ్! అది మా హోంగ్ కదూ?"

హోంగే. ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, అట్టముక్క ఒకటి పట్టుకుని నడుస్తోంది.

"మావయ్యగారికి మందు కొనుక్కొస్తానని కదే వెళ్ళింది!" అంది గ్వేజీ. కానీ ఫోన్ బయటికి తీసేసింది. "హోంగ్! ఇటు! ఇటు చూడు! ఆ టోపీలో ఎంత బావుందో చూడండి. పాపం, ఎవరో లాక్కెళ్ళుంటారు. అది అలాంటిది కాదు."

"అదుగో, మా కొట్లో గిన్నెలు తోమే పిల్ల!" అని నూడుల్స్ కొట్టాయన చెయ్యి ఊపాడు. "అది కూడా అలాంటిది కాదులే. మిగతావాళ్ళే."

ఆ 'మిగతావాళ్ళే' దగ్గర బీషియాకి తెగిపోయింది.

"ఎవరండీ మిగతావాళ్ళు? మీ పిల్ల మంచిది, గ్వేజీ అక్క హోంగ్ మంచిది, మా ఆనీ మంచిది. ఆ ఎర్రగొడుగు పిల్ల ఎవరింటిదో, వాళ్ళని అడిగితే అదీ మంచిదే అంటారు. ఎవరి పిల్లని వాళ్ళు ఏరేసుకుంటే ఆ రోడ్డు మీద తిట్టడానికి ఎవరు మిగుల్తారు?"

"ఏంటే, నా మీద పడతావు? రోడ్డు మూసింది నేనా?" అంది గ్వేజీ.

"మా ఆయన పోయినప్పుడు సందుకి అడ్డంగా పన్నెండు రోజులు పందిరేశాం. స్కూటర్లన్నీ చుట్టూ తిరిగెళ్ళాయి. ఒక్కళ్ళయినా ఒక్క మాటన్నారా?"

"చావు వేరే, బీషియా. చావుకి ఎవరంటారు?"

"వాళ్ళకి చావుకీ సెలవు లేదక్కా."

గ్వేజీ ఏదో అనబోయింది. అంతలో ముసలావిడ కుర్చీలోంచి గొంతు చించుకుంది. "ఆనీ! ఆకలేస్తోందే!"

వరసలోంచి పసుపుపచ్చ తలగుడ్డ ఒకటి ఆగింది. ఆనీ తాడు కింద నుంచి దూరి వచ్చేసింది. ముసలావిడ ముందు గొంతుక్కూర్చుని, మూతి తుడిచి, అలవాటుగా గిన్నె కోసం పక్కకి చెయ్యి చాచింది. అక్కడ గిన్నె లేదు. వెనక ఎవరో పిల్లలు, "ముర్ని! ముర్ని!" అని పిలుస్తున్నారు.

"తినలేదా?" అంది ఆనీ.

"తినలేదు. నేను పెడితే తినట్లేదు. అయినా నువ్వు వెళ్ళు."

"ఒక్క నిమిషం, నేను..."

"వెళ్ళమన్నానా! నిమిషం అంటే ఇంట్లోకెళ్తావు. ఇంట్లోకెళ్తే వంటింట్లోకెళ్తావు. వరసలోకి పో." బీషియా ఆమె మోచెయ్యి పట్టుకుని లేపింది. లేపాక ఉండబట్టలేక, "ఆ బానిస అనే మాట మాత్రం నాకు నచ్చలేదు," అంది.

"నేను ఆ మాట అనలేదక్కా."

"అన్నా అనకపోయినా. వెళ్ళు."

ఆనీ వెళ్ళింది. గ్వేజీ ఫోన్‌లో హోంగ్‌తో పాటు ఆనీ, పక్కనున్న బీషియా కూడా పడ్డారు. సందులో వాళ్ళందరికీ కలిపి ఫోన్‌లో ఉన్న గుంపులో గ్వేజీ ఆ బొమ్మలు పెట్టింది, టోపీ బావుందని. ఆ గుంపులో స్యూలియన్ కూడా ఉంది.

ఆనీ ఇంకా ఇల్లు చేరకముందే స్కూటర్ చప్పుడైంది. వదిన హెల్మెట్ తియ్యకుండానే లోపలికొచ్చింది.

"ఫోటో చూశాను. నువ్వు పక్కనే ఉన్నావు. నవ్వుతున్నావు కూడా!"

"నవ్వలేదు వదినా. వెలుతురు కళ్ళల్లో పడింది."

"రేపు ఏజెంటుకి ఫోన్ చేస్తున్నాను. అయిపోయింది."

"చెయ్యండి," అంది బీషియా. పొద్దుట్నుంచీ తిప్పుకోలేని నడుంతో గోడకి ఆనుకుని నిలబడి ఉంది. "చేశాక మీ ఇంట్లో కింద గది కూడా ఖాళీ చేయించండి. ఆనీ వెళ్ళిన రోజే అత్తయ్య మీ దగ్గరికొస్తుంది. నేను పెంగ్‌హు పోతాను, మా తమ్ముడింటికి."

"బెదిరిస్తున్నావా?"

"లేదు. ఇవాళ ఒక్కదాన్నే చూశాను. నావల్ల కాదు. అది చెప్తున్నాను. పొద్దుట్నుంచీ ఆవిడ గంజి ముట్టలేదు. మీరు కూతురు కదా, పెట్టండి."

స్యూలియన్ హెల్మెట్ తీసి, చెయ్యి కడుక్కుని, గిన్నె తీసుకుని తల్లి ముందు కూర్చుంది. ముసలావిడ ఆమెని మర్యాదగా చూసి, "మీ అమ్మ బావుందా?" అని అడిగింది. చెంచా గాల్లోనే ఉండిపోయింది. కాసేపటికి వదిన గిన్నె కింద పెట్టి, ముక్కు తుడుచుకుని, గోడ మీదున్న తమ్ముడి ఫోటో వైపు చూడకుండా అంది.

"నెలకొక ఆదివారం. అంతకన్నా కుదరదు. అది కూడా జెండాలూ అవీ లేకుండా."

"ఆ రోజు మీరొస్తారా?"

"నాకెక్కడ కుదురుతుంది!"

అలా కుదిరింది. ఊరేగింపు అడిగింది నెలకి నాలుగు, వచ్చింది ఒకటి, ఆ ఒక్కటీ బీషియా నడుం మీద. అయినా ఏదో గెలిచినట్టే ఆనీ కోసం ఎదురుచూసింది. ఆనీ వచ్చి, చేతులు కడుక్కుని, ముసలావిడకి మొదటి చెంచా పెట్టాక చెప్పింది. ఆనీ, "మంచిదక్కా," అంది. నిజంగానే అంది. తర్వాత ఇంకో చెంచా పెడుతూ, "హోంగ్‌కి?" అంది.

"హోంగ్ సంగతి గ్వేజీ అక్క చూసుకుంటుంది."

ఆనీ గిన్నెలో గంజి కలిపింది.

"నేనేం చెయ్యను మరి? నేనేమైనా సర్కారునా? నా ఇంటి సంగతి నేను చూడగలిగాను. అందరి ఇళ్ళూ నావా?"

"కాదక్కా," అంది ఆనీ. అంతకంటే ఇంకేం అనకపోవడమే బీషియాకి ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

మర్నాడు పొద్దున్నే గ్వేజీ ఇంటికి వెళ్ళింది. మొగుడు పోయి ఏడాది తిరగని మనిషి ఇంకొకరి గడప తొక్కకూడదు కాబట్టి, గేటు బయటే నిలబడి కేకేసింది.

"గ్వేజీ అక్కా! ఒక మాట. హోంగ్‌కి కూడా నెలకో ఆదివారం ఇవ్వు. ఇద్దరికీ ఒకటే ఆదివారం. మీ మామగార్నీ మా అత్తయ్యనీ ఒకచోట కూర్చోబెట్టి మనిద్దరం చూసుకుందాం. ఒక్కళ్ళయితే కష్టం గానీ ఇద్దరం ఉంటే పర్లేదు."

గ్వేజీ తలుపు సగం తెరిచి, జడ వేసుకుంటూ విన్నది. లోపల హోంగ్ ముసలాయన వీపు తడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మా హోంగ్ నన్నేమీ అడగలేదే, బీషియా."

"అడుగుతుందా అక్కా? మందు కొనుక్కొస్తానని వెళ్ళిన పిల్ల!"

"దాన్ని నేను ఏమీ అనలేదు, క్షమించేశాను. నీ ఆనీకి సెలవిచ్చావు, మంచి పని, మంచి పిల్ల కాబట్టి ఇచ్చావు. అందరికీ ఇస్తూ పోతే ఎలా? రోడ్డు మూసి అరిచారు కాబట్టి ఇచ్చాం అనుకోరూ?"

"అనుకోనీ."

"నువ్వు బాధలో ఉన్నావు. ఇప్పుడు నీతో వాదించకూడదు నేను," అంది గ్వేజీ. అంటూ లోపలికెళ్ళి, ఒక సంచి తెచ్చి గేటు పైనుంచి అందించింది. "ఊళ్ళో తోట నుంచి వచ్చాయి. ఆనీకి కూడా పెట్టు." తలుపు మెల్లగా, మర్యాదగా మూసుకుంది.

బీషియా ఇంటికొచ్చేసరికి ఆనీ ముసలావిడ కాళ్ళకి నూనె రాస్తోంది. తల ఎత్తి, "ఏమన్నారు?" అని అడిగింది.

బీషియా సంచి బల్ల మీద పడేసింది. "జామకాయలిచ్చింది," అంది.